ఫ్రీసెన్ అను ఇంటిపేరు
(అధ్యక్ష మండల శతవార్షికోత్సవ సభలలో చేసిన ప్రసంగము)



"సంఘ చరిత్రలో పేర్లు" అను అంశముపై మాట్లాడుమని కమిటీవారు నన్ను ఆజ్ఞాపించారు. అంశము పెద్దది, నాకిచ్చినది అరగంట. అందుచేత ఒక్క పేరు మాత్రమే తీసుకొన్నాను. అది మన మండలములోని పేరు కూడా కాదు. మన పొరుగు సంఘమైన మెన్నొనైట్ బ్రదరెన్ వారిది. వారి సంఘ చరిత్ర తెలిసిన పెద్దలకు అబ్రహాము ఫ్రీసెన్ దొరగారి పేరు తెలిసే ఉండును. ఆ ఫ్రీసెన్ అను ఇంటిపేరు ఎక్కడ పుట్టినదో ఈ పూట వెదకుదము.

మన పండుగనాడు పరాయివారి పేరెందుకని మీరనుకోవచ్చును. కారణము ముందుగానే చెప్పెదను. మా పాస్టరేటులో శతజయంతికి ఒక శిలాఫలకము వేయించవలెనని తీర్మానించాము. మొదట బాప్తిస్మము పొందిన కుటుంబముల ఇంటిపేర్లు దానిపై చెక్కించవలెననుకొన్నాము. అంతవరకు బాగానే ఉన్నది. ఏ ఇంటిపేరు పైన ఉండవలెనన్న మాట వచ్చేసరికి రెండు కుటుంబములు పలుకరించుకొనుట మానివేసినవి. ఇరువది యేండ్లుగా ప్రక్కప్రక్కన మోకరించి ప్రభురాత్రి భోజనము పుచ్చుకొన్న ఇద్దరు పెద్దలలో ఇప్పుడొకరు ముందు వరుసలో, మరొకరు వెనుక తలుపు దగ్గర కూర్చుండుచున్నారు. రాయి ఇంకను రాతిపనివాని వాకిటనే ఉన్నది. ఈ సంగతి వారిద్దరి అనుమతితోనే చెప్పుచున్నాను. ఆ రాయిని గూర్చి ఆలోచించుచుండగా, వేదాంత కళాశాలలో సంఘ చరిత్ర పాఠములలో విన్న ఈ పేరు నాకు జ్ఞాపకము వచ్చినది.

ఫ్రీసెన్ అను పేరు వినగానే అది జర్మను పేరని అనుకొందుము. ఆ ఇంటిపేరుగల మిషనెరీలు ఇంట జర్మను మాట్లాడినవారే. అయితే పేరు మాత్రము అంతకంటె పాతది. నేటి నెదర్లాండ్సు దేశమునకు ఉత్తరమున, సముద్రపు ఒడ్డున, ఫ్రీస్లాండు అను సీమ ఉన్నది. అక్కడివారిని ఫ్రీసులు అందురు. ఫ్రీసెన్ అనగా ఫ్రీసు సీమవాడు, ఆ సీమనుండి వచ్చినవారి ఇంటివాడు. హాలెండులో నేటికిని ఎంతో విరివిగా వినబడు డె వ్రీస్ అను ఇంటిపేరుకు కూడా ఇదే అర్థము. డచ్చివారు వ్రీస్ అని వ్రాసినదానిని జర్మను లేఖరులు తమ అలవాటు చొప్పున ఫ్రీస్ అని వ్రాసిరి. చెవికి రెండును దగ్గర శబ్దములే. వ్రీసెన్, ఫ్రీసె, ఫ్రీసెన్ అని ఒకే మాట పలు రూపములలో వ్రాయబడినది.

ఆ సీమను కొంచెము చూడుడి. అది పల్లపు నేల. గట్టులు కట్టకముందు ఉప్పు నీరు పొలములలోనికి వచ్చిపోవుచుండెను. అందుచేత పూర్వికులు మట్టి పోసి దిబ్బలు ఎత్తి, వాటి మీద ఊళ్లు కట్టుకొన్నారు. వారి భాష డచ్చికి దగ్గరిదేగాని డచ్చి కాదు, దానిని ఫ్రీసు భాష అందురు. అక్కడ సామాన్య జనులకు మనమనుకొను ఇంటిపేర్లు చాలాకాలము లేవు. బిడ్డకు ఒక పేరు, దాని వెనుక తండ్రి పేరు, అంతే. మెన్నొనైటులను పేరు ఎవరినిబట్టి వచ్చినదో ఆ మెన్నో సైమన్స్ సంగతి చూడుడి. సైమన్స్ అనునది ఇంటిపేరు కాదు. సైమను కుమారుడు మెన్నో అని దాని భావము. అతని మనుమని పేరు వెనుక సైమన్స్ అని ఉండనక్కరలేదు. 1811లో, ఆ దేశము నెపోలియను చేతిలో ఉన్నప్పుడు, ప్రతివాడును ఒక స్థిరమైన ఇంటిపేరు నమోదు చేయించుకొనవలెనని ఆజ్ఞ వచ్చెను. అంతవరకు ఫ్రీస్లాండు పల్లెలలో అనేకులు తండ్రి పేరుతోనే సరిపుచ్చుకొన్నారు.

ఇప్పుడు మిమ్ములను ఒక ప్రశ్న అడుగుదును. ఫ్రీస్లాండులో ఉన్నవానిని ఫ్రీసువాడా అని ఎవరు పిలుతురు? అక్కడ అందరును ఫ్రీసులే గదా! ఆ పిలుపునకు అక్కడ పనియే లేదు. బేత్లెహేములో రూతును మోయాబీయురాలు అన్నారు. మోయాబులో ఆమెను ఆ మాటతో ఎవరైన పిలిచియుందురా? ఆమె తన ఊరు విడిచి, సరిహద్దు దాటి, పరుల పొలములో పరిగె యేరుకొనుటకు దిగిన తరువాతనే ఆ పేరు ఆమెకు అంటుకొన్నది. ఫ్రీసెన్ అను పేరును అటువంటిదే. ఆ పేరు ఫ్రీస్లాండును గూర్చినదేగాని, ఫ్రీస్లాండులో పుట్టినది కాదు. ఒకడు ఆ సీమ విడిచి మరియొక చోట పరదేశిగా నిలిచినప్పుడు, ఇరుగుపొరుగువారు అతనికి పెట్టిన పేరు అది.

అయితే అతడు ఎందుకు విడిచెను?

1525 జనవరిలో స్విట్జర్లాండులోని జూరిక్ పట్టణములో కొందరు విశ్వాసులు ఒక ఇంట కూడి, తామే ఒకరికొకరు బాప్తిస్మమిచ్చుకొన్నారు. 2025తో దానికి 500 సంవత్సరములు నిండినవి. శిశువుగా పొందినది చాలదు, తెలిసి విశ్వసించి పొందవలెనని వారి బోధ. మరల బాప్తిస్మమిచ్చువారు అను అర్థముతో శత్రువులు వారిని అనబాప్తిస్టులు అన్నారు. మన మండలములో మనము శిశువులకు బాప్తిస్మమిత్తుము, ఆ బోధలో మనము వారితో ఏకీభవించము. కాని తమ మనస్సాక్షి కొరకు వారు చెల్లించిన వెలను కాదనలేము.

ఆ బోధ ఉత్తరమునకు ప్రాకి ఫ్రీస్లాండు చేరెను. 1531 మార్చిలో లేవార్డెన్ పట్టణములో సిక్కె ఫ్రేర్క్స్ అను దర్జీని, మరల బాప్తిస్మము పొందినందుకు, తల నరికి చంపిరి. ఆ వార్త దగ్గరలోని పింగ్యుమ్ అను పల్లెలో రోమను కథోలిక గురువుగా ఉన్న మెన్నో చెవిని పడెను. ఒక దర్జీ దేనికొరకు చచ్చెనో చూడవలెనని అతడు లేఖనములు వెదకెను. మన్‌స్టర్ పట్టణములో కొందరు అనబాప్తిస్టులు కత్తిపట్టి రాజ్యము స్థాపింపబూని, 1535లో నాశనమైరి. దానిని చూచి మెన్నో మనస్సు మరింత కలత చెందెను. 1536 జనవరిలో అతడు తన పదవిని, జీతమును విడిచిపెట్టి, కత్తి పట్టని ఆ చెదరిన మందకు కాపరియాయెను. 1539లో అతనికి ఆశ్రయమిచ్చిన త్యార్డ్ రేనిక్స్ అను రైతును చంపిరి. 1542లో మెన్నోను పట్టియిచ్చినవారికి నూరు బంగారు గిల్డర్లు ఇత్తుమని చాటించిరి. అతడు ఆ తరువాత దాదాపు ఇరువది యేండ్లు ఊరూర దాగుచు బోధించి, 1561లో ఉత్తర జర్మనీలో పరుపు మీదనే మరణించెను. అదియే ఒక అద్భుతము.

మెన్నో తూర్పు ఫ్రీస్లాండులో ఉన్న కాలములో, 1545 ప్రాంతమున, ఆ సీమ నేలిన అన్నా అను దొరసాని యొక్క శాసనములో ఈ శాంతిపరులకు మెన్నిస్టులు అను పేరు కనబడుచున్నది. మెన్నొనైటు అను పేరు అట్లు పుట్టినది. అదియును పరులు పెట్టినదే. అంతియొకయలో శిష్యులను క్రైస్తవులని మొట్టమొదట పిలిచినవారును బయటివారే గదా. మనము గొప్పగా చెప్పుకొను పేర్లలో ఎన్ని మనము పెట్టుకొన్నవి కావో గమనింపుడి.

ఇట్లు తరుమబడినవారిలో అనేకులు ఓడలెక్కి తూర్పునకు పోయిరి. నేటి పోలండులో విస్తులా అను గొప్ప నది సముద్రమున కలియుచోట దాన్‌జిగ్ అను రేవు పట్టణమున్నది. ఇప్పుడు దానిని గ్దాన్‌స్క్ అందురు. మన కృష్ణా గోదావరుల ముఖమున ఉన్నట్టి లంక నేలలే అక్కడను. అయితే అవి చాల భాగము నీట మునిగి, చిత్తడిగా పడియుండెను. నీటితో పోరాడుట ఫ్రీసులకు పుట్టుకతో వచ్చిన విద్య. గట్టులు వేయుట, కాలువలు త్రవ్వుట, గాలిమరలతో నీరు తోడుట వారికి తెలియును. భూస్వాములు వారిని పిలిచి, దీర్ఘకాలపు కౌలునకు ఆ నేలలనిచ్చిరి. 1642లో పోలండు రాజు నాలుగవ వ్లాదిస్లావ్, చిత్తడి నేలను పంట భూమిగా మార్చినందుకు వారిని మెచ్చుకొని రక్షణ పత్రమిచ్చెను. ఫ్రీస్లాండులోని హార్లింగెన్ నుండి వచ్చిన ఆడం వీబె అను మెన్నొనైటు ఇంజనీరు 1644లో దాన్‌జిగ్ కోటగోడకు కొండ మీదినుండి మట్టి చేరవేయుటకు స్తంభముల మీద త్రాడు కట్టి, దానికి బుట్టలు వ్రేలాడదీసి నడిపించెను. నేడు కొండలమీద మనము చూచు రోప్‌వేలకు అది మూలపురుషునివంటిది.

ఆ లంకలలోనే ఫ్రీసెన్ అను పేరు ఇంటిపేరుగా స్థిరపడినది. దాని తోడి పేర్లను కూడా కొంచెము వినుడి. జాన్‌సెన్ అనగా యాన్ కుమారుడు, అనగా యోహాను కుమారుడు. క్లాసెన్ అనగా క్లాస్ కుమారుడు, అనగా నికోలాసు కుమారుడు. డిక్ అనగా గట్టు. గట్టు దగ్గర కాపురమున్నవాడు. వీబె అనునది ఫ్రీసులు మగబిడ్డకు పెట్టుకొను పేరు. ఇందులో రాజు లేడు, జమీందారు లేడు. తండ్రి పేరు, గట్టు పేరు, వచ్చిన దిక్కు పేరు. అంతే.

పేర్ల వెంట వెనుకకు నడుచువారు మూడు సంగతులు జ్ఞాపకముంచుకొనవలెను. మొదటిది, కాగితము ఎంతవరకు నడిపించునో అంతవరకే నడువవలెను. ఆ లంకలలోని సంఘ రిజిస్టర్లు అధిక భాగము 18వ శతాబ్దమునకు చెందినవి. 1776లో ప్రష్యా ప్రభుత్వము గ్రామము గ్రామమునకు మెన్నొనైటు కుటుంబ యజమానుల జాబితా వ్రాయించెను. అచటినుండి వెనుకకు పోయినకొలది కౌలు పత్రములు, పట్టణపు దస్త్రములు శరణ్యము. ఇంకను వెనుకకు పోయి ఫ్రీస్లాండు చేరితే ఇంటిపేరే మాయమగును. ఫలానావాని కుమారుడు ఫలానావాడు అని మాత్రమే మిగులును. రెండవది, ఫ్రీసెన్‌లందరు ఒకే తండ్రి పిల్లలని తలంచరాదు. ఒక సీమనుండి వచ్చిన నలుగురు ఒకరికొకరు ఏమియు కాకపోయినను నలుగురికిని ఆ పేరే రావచ్చును.

మూడవది మన రాతి తగవునకు దగ్గరిది. 1566 ప్రాంతమున ఫ్రీస్లాండులోనే ఈ హతసాక్షుల సంఘము రెండుగా చీలినది. దక్షిణమున ఫ్లాండర్సు సీమనుండి హింసకు తాళలేక పారిపోయి వచ్చిన విశ్వాసులు అక్కడ ఆశ్రయము పొందిరి. వారి బట్టలు వేరు, అలవాట్లు వేరు, పెద్దలను ఎన్నుకొను పద్ధతి వేరు. మాట మాట పెరిగి, ఒకరినొకరు వెలివేసికొని, ఫ్లెమిషువారు, ఫ్రీసువారు అని రెండు సంఘములైరి. ఆ చీలిక ఓడలెక్కి విస్తులా లంకలకును చేరినది. అక్కడ 19వ శతాబ్దపు ఆరంభము వరకు ఇరువురికి వేరువేరు సంఘములు. ఈ గుంపువారు ఆ గుంపులో పెండ్లి చేసికొనుటయే నేరము. ఒకే చెరసాలలో మ్రగ్గినవారి మనుమలు ఒకే బల్ల దగ్గర కూర్చుండలేకపోయిరి!

ఇంతకును వినోదమేమనగా, కొంతకాలమునకు ఆ గుంపుల పేర్లకును పుట్టిన సీమలకును సంబంధమే తెగిపోయినది. ఫ్రీసెన్ అను ఇంటిపేరు పెట్టుకొని ఫ్లెమిషు సంఘములో కూర్చున్నవారున్నారు. అనగా ఫ్రీసువాడు అని పేరు, ఫ్రీసులతో పొత్తు లేదు! దేనికొరకు పోట్లాడుచున్నారో ఆ పేర్లే చెప్పుచున్నవి, దానిలో ఏమియు లేదని.

తరువాతి కథ త్వరగా చెప్పెదను. ఆరాధనలో రెండువందల సంవత్సరములు నిలిచిన డచ్చి భాష 18వ శతాబ్దములో మెల్లగా జర్మను భాషకు చోటిచ్చినది. ప్రష్యా రాజులు, సైన్యములో చేరనివారు క్రొత్తగా భూమి కొనుటకు అడ్డంకులు పెట్టిరి. రష్యా రాణి రెండవ కాథరిన్ పిలుపు వచ్చెను. 1788-89లో మొదటి గుంపు, సుమారు 228 కుటుంబములు, బండ్లు కట్టుకొని నేటి యుక్రెయినులోని ఖోర్తిత్సాకు పోయిరి. 1804లో మోలోచ్నా అను రెండవ వలస ఏర్పడెను. అక్కడనే 1860 జనవరి 6న, 18 మంది కుటుంబ యజమానులు సంతకము చేయగా, మెన్నొనైట్ బ్రదరెన్ సంఘము పుట్టెను. ఆ సంఘపు బిడ్డలే అబ్రహాము ఫ్రీసెన్‌గారును ఆయన భార్య మరియగారును. హాంబుర్గులోని బాప్టిస్టు సెమినరీలో చదివి, అమెరికన్ బాప్టిస్టు మిషనుతో కలిసి పనిచేయుటకు 1889-90లో వారు నాటి నిజాము రాజ్యములోని నల్గొండ చేరిరి.

ఫ్రీసు, డచ్చి, జర్మను. ఆ పేరు దాటి వచ్చిన భాషలివి. నల్గొండలో దానికి తెలుగును చేరినది. సముద్రపు ఒడ్డున దిబ్బమీది పల్లెనుండి నల్గొండ కొండల నీడ వరకు మూడున్నర శతాబ్దముల దారి అది. ఇక ఆయన మొదటి పేరు కూడా చూడుడి. ఆదికాండము 14వ అధ్యాయములో మూలపితరుడు అబ్రాము మొట్టమొదటిసారి హెబ్రీయుడని పిలువబడెను. ఆ మాటకు దాటి వచ్చినవాడని కొందరు పండితులు అర్థము చెప్పుదురు. అబ్రహాము ఫ్రీసెన్! పేరులో ముందును దాటి వచ్చినవాడే, వెనుకను దాటి వచ్చినవాడే.

ఇప్పుడు నా ఇంటి సంగతి ఒకటి చెప్పి ముగించెదను. కొన్ని సంవత్సరముల క్రితము మా తాతగారి బాప్తిస్మపు నమోదు వెదకుచు పాత రిజిస్టరు తెరిచాను. పేరున్నది, తండ్రి పేరున్నది, ఊరున్నది. ఇంటిపేరు వ్రాయవలసిన చోట ఖాళీగా ఉన్నది. నాకు సిగ్గు కలిగినది. మా నాన్నగారిని అడిగితే చాలసేపు మాట్లాడలేదు. తరువాత చెప్పారు: "అక్కడ మనకు పేరు లేదురా. కులము పేరుతోనే పిలిచేవాళ్లు. తాత ఆ ఊరు విడిచి మిషను బంగళా దగ్గరికి వచ్చినాక, ఎవరీయన అంటే ఫలానా ఊరాయన అన్నారు. బడిలో నన్ను చేర్పించేటప్పుడు పంతులుగారు ఆ ఊరి పేరే మనకు ఇంటిపేరుగా రాసినారు."

అనగా మా తాతను ఏ ఊరు మనిషిగా చూడలేదో, ఆ ఊరి పేరే నేడు నా పేరు ముందున్నది. ఆ ఊరిలో అది మా పేరు కాదు. విడిచి వచ్చిన తరువాత, మమ్మును చేర్చుకొన్నవారి నోట వచ్చిన పేరు అది. ఫ్రీసెన్ కథ చదివిన దినమున ఆ ఖాళీ గడిని గూర్చిన సిగ్గు నన్ను విడిచినది. మెన్నో సైమన్స్‌కును ఆ గడి ఖాళీయే. ఈ సభలో ఎన్ని ఇండ్ల కథ ఇదియో మీకే తెలియును.

కాబట్టి నా మనవి రెండు మాటలు. మొదటిది, మీ పాస్టరేటులోని పాత బాప్తిస్మపు రిజిస్టర్లను చెదలు తినకముందే తీసి చూడుడి, నకలు వ్రాయించుడి. ఇంట వృద్ధులున్నప్పుడే అడుగుడి. వారు కొంతసేపు మాట్లాడకపోతే ఓపికపట్టుడి. రెండవది, పేరు వెదకుట గొప్పకొరకు చేయకుడి. వెదకి వెదకి చివరకు మనకు దొరకునది మేడ కాదు, ఒక దారి. ఆ దారి వెంట మనవాడొకడు మూట నెత్తిన పెట్టుకొని నడిచి వచ్చెను, ఎవరో అతనికి తలుపు తీసిరి. ఫ్రీస్లాండులో ఆ తలుపు తీసినందుకు త్యార్డ్ రేనిక్స్ ప్రాణమిచ్చెను. అతనికిని ఇంటిపేరు లేదు.

మా రాయిని గూర్చి అడుగుదురేమో. ఈ ప్రసంగము వ్రాసికొన్న తరువాత ఆ ఇద్దరు పెద్దలను మా ఇంటికి పిలిచి, ముందుగా వారికే చదివి వినిపించాను. వారు రాజీ పడిరని చెప్పలేను. అయితే ఒకాయన లేచుచు, "అయ్యగారూ, మా తాతలు ఏ ఊరినుండి వచ్చినారో ఆ ఊళ్ల పేర్లు చెక్కిస్తే సరిపోదా?" అన్నారు. రెండవ ఆయన మారు పలుకలేదు, కాని ఆ మాటకు తల ఊపినారు. వచ్చే కమిటీలో ఆ మాట పెట్టబోవుచున్నాను. మీరందరు ప్రార్థన చేయుడి.

పునాదులుగల పట్టణముకొరకు ఎదురుచూచి గుడారములలో నివసించిన అబ్రహాము దేవుడు, పేరున్నవారిని పేరులేనివారిని ఒకే గ్రంథములో వ్రాసికొను దేవుడు, ఈ నూరు సంవత్సరములు నడిపించినట్లే ఇక ముందును మనలను నడిపించునుగాక. ఆమేన్.